పెద్దబాతు పౌరుషము, పెరటి కొలత

హైదరాబాదు నగరమునకు పడమటి అంచున, రాళ్లగుట్టలకును చెరువులకును నడుమ ఒకనాడు విడివిడిగా నుండిన పల్లెలలో కొత్తగూడ యొకటి. 1998 నవంబరులో మాదాపూరునందు సైబర్ టవర్సు ప్రారంభమైన నాటి నుండి ఆ పల్లె చుట్టును అద్దాల మేడలు వరుసగా లేచినవి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. 2023 జనవరి 1వ తేదీన కొత్తగూడ కూడలి మీదుగా పైవంతెన తెరువబడినది. ఇన్ని మార్పులు జరిగినను, రాజమార్గమును విడిచి లోపలి సందులలోనికి మళ్లినచో, పాత ఇండ్ల ప్రహరీల చాటున ఒక కోళ్లగూడును, దాని పక్కన నీళ్లతొట్టియు, ఆ తొట్టి చుట్టును మెడలు నిక్కించి తిరుగు పెద్దబాతుల జతయు నుండు పెరళ్లు ఇంకను అక్కడక్కడ మిగిలియున్నవి. భూములమ్ముకొని పెరటిని మాత్రము నిలుపుకొన్న పాత కుటుంబములవారు కొందరు, గోదావరి జిల్లాల నుండియో కరీంనగరము నుండియో కంప్యూటరు కొలువులకై వచ్చి పగలెల్ల తెర ముందు కూర్చుండి సాయంకాలమునకు నాటుగ్రుడ్డు రుచిని వెదకుకొను కొత్తవారు కొందరు, ఈ ఇరుతెగలవారును పక్షులను పెంచుచుందురు.

ఇట్టి పెరటిలో మంద ఒక్కనాట సమకూడదు. మొదట రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనా సంచాలకాలయమువారు పెరటి పెంపకము కొరకే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోడిపిల్లలు వచ్చును. పిమ్మట ఎవరో బంధువు ఒక అసీల్ పుంజును తెచ్చి విడుచును. చార్మినారునకు చేరువనున్న ముర్గీచౌకునకు ఒక సెలవునాడు పోయినవారు నాలుగు బాతులను, రెండు గిన్నెకోళ్లను, తుదకు ఆకారము చూచి ముచ్చటపడి పెద్దబాతుల పిల్లలను కొనితెత్తురు. తెచ్చిన కొత్తలో ఆ పిల్లలు పసుపుపచ్చని నూగుతో మనుష్యుల పాదముల వెంబడి తిరుగుచు ఇంటిల్లిపాదికిని వినోదము గూర్చును. ఏడాది నిండి రెండవ యేడు నడచునప్పటికి వ్యవహారము మారును. పోతు పెద్దబాతు గేటు కడ నిలిచి సరుకులు తెచ్చు కుర్రవానిని లోనికి రానీయదు. గింజలు చల్లినచోట కోడిని మెడ వెనుక ఈకలు పట్టి ఈడ్చును. బాతులను తొట్టి చేరనీయదు. గ్రుడ్లు తీయుటకు పోయిన ఇల్లాలి చీరకుచ్చెళ్లు పట్టుకొని వ్రేలాడును. ఇంటివారు దానికి పొగరెక్కినదందురు. ఒకరు కఱ్ఱ తీసికొందురు, మరియొకరు వంటయింటి వైపు చూతురు.

పొగరు అను మాటతో ఈ విషయము తెమలదు. పెద్దబాతు బెదరింపు, ఎదుటి పక్షి తొలగిపోవుటకు చోటున్న యెడల, గాయము లేకయే ముగియునట్లుగా ప్రకృతిచే కూర్పబడినది. ఆ చోటును మన ప్రహరీగోడలు హరించినప్పుడు మాత్రమే అది రక్తపాతము వరకు పోవును. కావున దిద్దవలసినది ప్రధానముగా పక్షి స్వభావము కాదు, పెరటి అమరిక. ఈ అధ్యాయమందు నేను చెప్పదలచినది ఇంతియే. అయినను దీనిని నిలుపుటకు పక్షి దేహమును, దాని సంసారమును కొంత పరిచయము చేయక తప్పదు.

ఇంట పెరుగు పెద్దబాతులన్నియు రెండు అడవిజాతుల సంతానము. ఐరోపా జాతులు బూడిదరంగు పెద్దబాతు నుండి పుట్టినవి. చైనా జాతియు, ఆఫ్రికా యని పేరుపడిన మరియొక జాతియు, మంగోలియా, ఉత్తర చైనా, రష్యా తూర్పు సీమలలో పిల్లలు చేయు హంసబాతు నుండి వచ్చినవి. ముక్కు మొదట నొసటిపై బుడిపె యుండుట వీని గుర్తు. హైదరాబాదు సంతలలో దొరకునవి చాలమట్టుకు బుడిపె గల చైనా రకములో, ఆ రకముతో కలిసిన సంకరములో అయియుండును. రెండు మూలజాతులకును పుట్టిన పిల్లలు గొడ్రాళ్లు కాకపోవుటచే ఈ కలయిక నిరాటంకముగా సాగుచున్నది. చైనా జాతి దేహమున తేలికదైనను గొంతున అన్నిటిని మించినది, చీకాకు పడుటలోను ముందుండునది. తేలికయనుట తోడి పెద్దబాతులతో పోల్చి చెప్పిన మాట. నాలుగైదు కిలోలు తూగు పోతునకును, కిలోన్నర యైనను తూగని నాటుపెట్టకును మధ్య గల అంతరము నెఱిగినచో, ఒకే దాణాపళ్లెము కడ ఆ రెంటిని నిలుపుట ఎంత సాహసమో తెలియును.

దీనికి పండ్లు లేవు. ముక్కు అంచున రంపపు పలుకుల వంటి గట్టి నొక్కులును, నాలుక ప్రక్కల ముండ్లును కలవు. ఇవి గడ్డిని తెగగొరుకుటకు ఏర్పడినవి, చర్మమును పట్టి మెలిపెట్టినప్పుడు కమిలి నీలపుమచ్చ వేయుటకును చాలును. అసలైన ఆయుధము రెక్క మణికట్టు కడ నుండు ఎముక బొడిపె. మెడ పట్టి నిలిపి, ఈ బొడిపెతో బాదుట దాని యుద్ధరీతి. మనిషి ఎముకను విరుగగొట్టునను ప్రతీతి అతిశయోక్తియే గాని, చిన్నపిల్లవాని ముఖము దానికి సరిగా అందు ఎత్తున నుండునను మాట మరువరాదు.

ఈ ఆయుధములకు పని పెట్టుటకు ముందు పెద్దబాతు చాలసేపు మాటాడును. మెడ నిటారుగా నిలిపి కదలక నిలుచుట హెచ్చరిక కాదు, వట్టి మెలకువ. ఏదో కనబడినది, అది యేమో తేల్చుకొనుచున్నది. మెడమీది ఈకలు గాళ్లుగాళ్లుగా నిక్కి వణకినచో చిరాకు మొదలైనది. అటుపిమ్మట తల నేలకు దించి, మెడను ముందునకు చాచి, నోరు తెరచి బుసకొట్టును. ఇది స్పష్టమైన బెదరింపు. ఇక్కడ ఎదుటిది రెండడుగులు తొలగినచో తొంబదిపాళ్లు కథ అక్కడనే ముగియును. తొలగనిచో పరుగు, ఆ పిమ్మట పట్టు, కడపట రెక్క. ఇన్ని మెట్లున్న కోపము ఆలోచన లేని కోపము కాదు. ప్రతి మెట్టుకడను ఎదుటివానికి వెనుదిరుగు అవకాశమిచ్చు కోపము.

మన తెలుగువారికి పక్షికోపమనగానే కోడిపుంజు స్ఫురించును. పల్నాటి వీరుల కథ కోడిపోరుతోనే మలుపు తిరిగినది. సంక్రాంతికి గోదావరి మండలములలో నేటికిని ఆ వేడుక అణగలేదు. కోడి కలహము ద్వంద్వయుద్ధము. నార్వే దేశీయుడైన షెల్డెరుప్-ఎబ్బె బాల్యము నుండి ఇంటి కోళ్లను పరిశీలించి 1922లో ప్రకటించిన పరిశోధనయందు ఆ సమాజపు రాజ్యాంగము విశదపడినది: ప్రతి కోడియు తాను ఎవరిని పొడువవచ్చునో, ఎవరిచే పొడువబడవలెనో విడివిడిగా ఎఱుగును, ఆ వరుస ఒకసారి కుదిరిన పిమ్మట పోట్లాట తగ్గును. కోళ్లను పెంచి అలవాటుపడినవారు పెద్దబాతును కూడ ఈ కొలతతోనే కొలిచి, నాలుగు దినములు కొట్టుకొని తామే సర్దుకొనునని వదలివేయుదురు. అది సర్దుకొనదు. ఏలయన పెద్దబాతు పోరు ఒంటరి పోరు కాదు, సంసారపు పోరు.

ఓస్కర్ హైన్రోత్ అను జర్మను పండితుడు 1910లో బెర్లినునందు జరిగిన పక్షిశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభకు సమర్పించిన వ్యాసమున బాతుజాతుల నడవడిని వర్ణించుచు ఒక విచిత్రమైన ఆచారమును పేర్కొనెను. ఆస్ట్రియాలో డాన్యూబు నదీతీరపు ఆల్టెన్‌బర్గునందు పెద్దబాతులతో సహజీవనము చేసి, 1973లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో కలిసి పొందిన కోన్రాడ్ లోరెంజ్ ఆ ఆచారమును తన జీవితాంతము వివరించుచు వచ్చెను. పోతు ఒక శత్రువు మీదికి, నిజమైన శత్రువు దొరకనిచో ఏ నిరపరాధి మీదికో, ఉరుకును. తరిమివేసి వెంటనే వెనుకకు మరలి తన పెట్ట కడకు పరుగెత్తివచ్చును. రెండును మెడలు చాచి, ఒకదాని ప్రక్కగా మరియొకటి పోనిచ్చి, గొంతెత్తి కలిసి కేకలిడును. దీనికి విజయోత్సవమని పేరు. పిల్లలున్నచో అవియు ఇందు చేరును. లోరెంజ్ అభిప్రాయమున జంటను కట్టియుంచు సూత్రమిదియే. 1963లో వెలువడిన తన గ్రంథమందు ఆయన కలహమునకును అనురాగమునకును గల ఈ చుట్టరికమును సుదీర్ఘముగా చర్చించెను. ఆ గ్రంథమున మానవజాతి కలహములను గూర్చి ఆయన చేసిన ఊహలను నేడు శాస్త్రజ్ఞులలో పెక్కుమంది అంగీకరింపరు. నాకును అవి రుచింపవు. పెద్దబాతులను గూర్చి చెప్పిన మాటలు మాత్రము నిలిచినవి. శ్రీనాథుని నైషధమందు ప్రేమదౌత్యము నడపిన హంస మన పెరటి పక్షికి దూరపు బంధువే యని తలచినచో, పోతు వీరంగమునకును వలపే మూలమని వినుట మనకు వింత కారాదు.

ఇంగ్లండున హ్యూ బాయిడ్ అను పరిశీలకుడు శీతకాలమున గుంపులుగా మేయు తెల్లనొసటి పెద్దబాతుల తగవులను గమనించి 1953లో ప్రకటించిన ఫలితము ఈ విషయమును బలపరచుచున్నది: ఒంటరి పక్షిని జంట ఓడించును, జంటను పిల్లలుగల కుటుంబము ఓడించును, పిల్లలు హెచ్చుగా నున్న కుటుంబము తక్కువగానున్న దానిని ఓడించును. కోళ్లలో స్థానము వ్యక్తిది, ఇచట స్థానము కుటుంబముది. ఇంకొక అధ్యయనము మరింత ముచ్చటైనది. ఆస్ట్రియాలోని గ్రూనౌ పరిశోధన కేంద్రమున క్లౌడియా వాషర్, ఆమె సహచరులు పెద్దబాతుల దేహములందు చిన్న యంత్రములమర్చి, అవి ఊరక నిలిచి చూచుచుండగా గుండె ఎంత వేగముగా కొట్టుకొనునో లెక్కించిరి. 2008లో ప్రకటించిన ఆ ఫలితముల ప్రకారము, ఉరుము విన్నప్పటికంటెను, వాహనము ప్రక్కనుండి పోయినప్పటికంటెను, తోటి పక్షుల తగవును చూచినప్పుడు గుండె హెచ్చుగా కొట్టుకొనును. ఆ తగవులో తన జతగాని, తన కుటుంబములోనిది గాని ఉన్నచో మరింత హెచ్చును. కొత్తగూడ పైవంతెన మీద రాత్రింబగళ్లు పోవు వాహనముల మ్రోతకు మన పెద్దబాతు అలవాటుపడి, తన పెట్టకు మూడుమూరల దూరమున గింజ ఏరుకొనుచున్న కోడిని చూచి ఉలికిపడుట యందలి రహస్యము దీనివలన కొంత బోధపడును.

ఇపుడు గోడ సంగతికి వత్తము. అడవి పెద్దబాతునకు చుట్టును నీరు, గడ్డిమైదానము, పైన ఆకాశము. తరుమబడినది నూరు గజములు పోయి మేత మేయును, తరిమినది తన ఉత్సవము తాను చేసికొనును. రెండింటి పరువును దక్కినది. కొత్తగూడలో సొంతయిండ్ల స్థలములు చాలమట్టుకు 200, 300 గజములు. అందులో ఇల్లును, సంపును, కారు నిలుపు జాగాయు పోగా పెరటికి మిగులునది ఎంతయో చెప్పనక్కరలేదు. పోతు తన పెట్ట చుట్టును, గూటి చుట్టును కాపలా కాయు వలయము ఆ పెరటినంతను నింపివేయును. కోడి తొలగును, గోడ తగులును. గోడ వెంబడి పోవును, మూల తగులును. మూల చేరిన పక్షి వెనుదిరిగిపోలేదు గనుక, పోతు దృష్టిలో అది తొలగుటకు ఒప్పుకొనలేదు. బుస పరుగగును, పరుగు పట్టు అగును. ఇట్లు గాయపడిన కోళ్లు తరచుగా గోడమూలనో, ఒకటే వాకిలిగల గూటిలోనో దొరకుటకు కారణమిదియే. ఇచట అపరాధము పక్షిదని నేను అనజాలను.

అట్లని ఎవరును పెరటి కొరకు నేల కొనలేరు, కొత్తగూడలో అసలే కొనలేరు. అయితే కోడికి ఉండి పెద్దబాతునకు లేని సామర్థ్యమొకటి కలదు. కోడి ఎగిరి కొమ్మపైకి చేరును, రాత్రి ఎత్తుననే నిద్రించును. బరువైన పెంపుడు పెద్దబాతు నేలను విడువదు. నేల చాలనిచోట ఎత్తును వాడుకొనుట ఈ ఊరు పాతికేండ్లుగా చేయుచున్న పనియే గనుక పెరటియందును అదే చేయవలెను. మనిషి నడుమెత్తున ఒక బల్ల వేసి, ఎక్కుటకు మధ్యలో ఒక దుంగ అమర్చి, కోళ్ల దాణాను ఆ బల్లమీదనే పెట్టినచో, రోజుకు రెండుమార్లు జరుగు పెద్ద తగవు ఆనాటితో ఆగును. వాలుటకు వెదురుకఱ్ఱలు రెండు మూడు తావులందు వేరువేరు ఎత్తులలో కట్టవలెను. ఎగురలేని కోడిపిల్లల కొరకు దడిలో అవి దూరి పెద్దబాతు దూరలేని సందొకటి విడిచి, ఆవలిప్రక్క నీడయు నీరును ఏర్పరచినచో అది వానికి శరణాలయమగును.

తరువాత మూలల సంగతి. గోడమూలకు అడ్డముగా ఒక పలకను ఏటవాలుగా నిలుపుట, లేదా ముండ్లకంపతో మూలను పూడ్చుట అతి సులభమైన పని. దానివలన తరుమబడిన కోడి చిక్కుకొనక జారిపోవును. పెరటి నడుమ ఒక కట్టెలమోపు, పాత డ్రమ్ము, గుబురైన మందారచెట్టు, ఏదో ఒకటి అడ్డుండవలెను. దాని చుట్టు తిరిగిన పక్షి కంటికి కనబడకుండ పోవును. కనబడనిచో పోతునకు సగము కోపము దానంతట అదే చల్లారును. కోళ్లగూటికి వాకిళ్లు రెండుండవలెను. ఒకటే వాకిలియున్న గూటిలోనికి పోతు దూరినదనగా లోనున్న కోళ్ల గతి యేమగునో నేను వర్ణింపను. రాత్రిపూట కోళ్లకును నీటిపక్షులకును వేరు గూళ్లుండుట అన్నివిధముల మేలు. ఒక గూటినే కంబితీగ జాలీతో రెండుగా పంచినను చాలును.

నీటి విషయమున రెండింటి అవసరములును పరస్పరవిరుద్ధములు. పెద్దబాతు కన్నులను, ముక్కురంధ్రములను కడుగుకొనుటకు తలమునుగునంత లోతు నీరుండవలెను. అది తాగుచు చిమ్ముచు చుట్టును బురద చేయును. కోడికి బురద పనికిరాదు. తడినేలలో రక్తవిరేచనముల తెగులు ముదురును. తొట్టిని పెరటికి ఒక కొనను, పల్లమువైపున పెట్టి, కోళ్ల నీటిపాత్రను రెండవ కొనను ఎత్తుమీద నుంచినచో, నీటి తగవును బురద బాధయు ఒక్కమారే తీరును. దాణాలో కూడ తేడా కలదు. గ్రుడ్లకోళ్ల కొరకు సున్నము హెచ్చుగా కలిపిన మేతను పోతులకు దీర్ఘకాలము పెట్టినచో మూత్రపిండములు చెడును. పెద్దబాతు స్వభావతః గడ్డిమేయు ప్రాణి. పచ్చగడ్డి, తోటకూర కాడలు, పాలకూర తుంపులు పగలంతయు నోటికి పనిగానున్నచో దాని తీరికయు తగ్గును, తీరికతోడి తగవును తగ్గును. కొత్తగూడ పెరళ్లలో నాపరాళ్లు పరచుట అలవాటైనది. గడ్డిలేని రాతినేల మీద పెద్దబాతు ఈకలు పీకుటను ఒక వృత్తిగా చేసికొనుట నాకు ఆశ్చర్యము గొలుపలేదు.

ఎన్నిటిని ఉంచవలెను? చిన్న పెరటిలో రెండు పోతులు ఎన్నటికిని పొసగవు. ఒక పోతునకు రెండు మూడు పెట్టలుండవచ్చును. గ్రుడ్లును కావలికేకయు మాత్రమే కావలసినవారు పోతు లేకయే రెండు పెట్టలను పెంచుకొనుట నా మతమున ఉత్తమము. అవియు జతగానే మెలగును, బుసకొట్టును, అయినను పోరు అంత దూరము పోదు. కొనునప్పుడు ఆడమగ తెలిసికొనుట కష్టము, రంగుచే భేదము లేదు. పెరిగిన చైనా జాతిలో పోతునకు బుడిపె పెద్దది, గొంతు సన్నమై కీచుమనును. పెట్ట గొంతు బొంగురుగా, మందముగా నుండును. పిల్లలలో గుద్దము తెరచి చూచు నేర్పరియే చెప్పవలెను. ఇక్కడ మరియొక మాట చెప్పవలసియున్నది. పెంపకపు పుస్తకములు దీనిని సిగ్గుచే దాటవేయుచుండును. కోడిపుంజునకు లేని జననాంగము బాతు, పెద్దబాతు పోతులకు కలదు. తమజాతి పెట్టలు చాలనప్పుడు ఇవి కోళ్లమీదికి పోవును. కోడిపెట్ట దేహము అందులకు ఏర్పడినది కాదు గనుక లోపల గాయపడి చచ్చుటయు కలదు. పోతుబాతు విషయమున ఈ అపాయము మరింత హెచ్చు. కోపమని మనమనుకొనునది ఒక్కొక్కప్పుడు కోపము కాదని గుర్తించి పోతుల సంఖ్యను తగ్గింపవలెను.

కాలమును బట్టి పౌరుషము హెచ్చుతగ్గులగును. పగటి నిడివి మారుట పక్షిమెదడునకు అందు సూచన; దానిచే జననగ్రంథులు పెరిగి, పోతు రక్తమున టెస్టోస్టెరాన్ ఎక్కును. లోరెంజ్ ఉండిన ఆల్టెన్‌బర్గునందు అతిదీర్ఘమైన పగటికిని అతిహ్రస్వమైన పగటికిని ఎనిమిది గంటలకు దగ్గరగా అంతరముండగా, హైదరాబాదునందు ఆ అంతరము సుమారు రెండు గంటలు మాత్రమే. కావున మనయెడ పంచాంగము చూచి ఫలానా మాసమున జాగ్రత్తపడుడని చెప్పుట కంటె, పెట్ట గడ్డిపోచలను ప్రక్కకు విసరుకొనుచు గూటికి చోటు వెదకుటయే సూచనగా గైకొనుట మేలు. అప్పటినుండి గ్రుడ్లుపెట్టు దినములును, పొదుగు ముప్పది దినములును, పిల్లలు పెరుగు వారములును పోతు వేరొక ప్రాణియై మెలగును. అది పొదుగదు, పెట్టకు నాలుగడుగుల దూరమున నిలిచి కావలి కాయును.

పెంచువాని చేతిలో నున్న గొప్ప ఉపాయము ఇక్కడనే యున్నది. పోతు కాచు వలయమునకు కేంద్రము పెట్ట గూడు; ఆ గూటి స్థలమును మనమే నిర్ణయింపవచ్చును. పెట్ట చోటు వెదకుటకు ముందుగనే, గేటునకును కోళ్లగూటికిని దూరముగా, పెరటి వెనుకకొనన మూడువైపుల మూసిన ఒక మరుగును కట్టి వరిగడ్డి పరచి, ఒకటి రెండు గ్రుడ్లను అందుంచినచో పెట్ట సాధారణముగా దానినే స్వీకరించును. ఏమరుపాటుచే అది గేటుప్రక్కన మెట్లక్రింద గూడు పెట్టినదా, ఆ రెండునెలలు ఇంటికి చుట్టములు రారు. గూడు కుదిరిన పిమ్మట జతను కోళ్ల నుండి జాలీతో వేరుపరచుట అందరికిని క్షేమము. పొదుగుచున్న పెట్ట కంటికి పోతు కనబడుచుండవలెను, పోతునకు కోళ్లు కనబడరాదు. జాలీకి కోళ్లవైపున గోనెపట్టా కట్టినచో ఈ రెండును నెరవేరును.

మనుష్యులమీదికి వచ్చు పోతుల చరిత్ర విచారించినచో చాలమట్టుకు అవి ఇంటివారు చేతులతో పెంచినవై యుండును. గ్రుడ్డు చీల్చుకొని వచ్చిన పిల్ల మొదట చూచిన కదలు ప్రాణిని తల్లిగా ముద్రించుకొనునని లోరెంజ్ 1935లో ప్రకటించిన సంగతి పాఠ్యపుస్తకముల కెక్కినది. పెరటికి పనికివచ్చునది ఆ కథ ఉత్తరభాగము. మనుష్యులను తనవారిగా తలచి పెరిగిన పోతు పెద్దదైన పిమ్మట మనుష్యులనే పోటీదారులుగాను, ఒక్కొక్కప్పుడు జతగాను ఎంచును. తల్లిదండ్రుల వెంట పెరిగినది మనుష్యులకు భయపడి దూరముగా తొలగిపోవును. ముద్దుచేసినవారికే మొదట కాటు తగులుటలో కృతఘ్నత లేదు.

అట్టి పోతు ఎదురైనప్పుడు పరుగెత్తరాదు. మనము వెనుదిరిగి పరుగెత్తినచో దానికొక విజయము, పెట్టకడ ఒక ఉత్సవము. మరునాడు మరల ఆ ఉత్సవమునకై మన కొరకు కాచుకొని యుండును. కొట్టరాదు, తన్నరాదు, కొట్టిన మనిషి ఓడింపవలసిన పోటీదారుడని రూఢియగును; పెద్దబాతు మనుష్యులను విడివిడిగా గుర్తుంచుకొను ప్రాణి గనుక ఆ పగ త్వరగా చల్లారదు. దానివైపు తిరిగి నిలిచి, చేతులు వెడల్పుగా చాచి, మెల్లగా ఒక అడుగు ముందుకు వేయవలెను. పోతు ఆగును. అది తల త్రిప్పి ప్రక్కకు పోవువరకు నిలిచి, పిమ్మట మన పనిమీద పోవలెను. తప్పనిసరియై మీదికి వచ్చినచో మెడ మొదట సున్నితముగా పట్టి, రెక్కలు రెంటిని దేహమునకు అదిమి, తల మన వెనుకవైపునకు ఉండునట్లు చంకన ఇరికించుకొని, అది శాంతించువరకు నాలుగు నిమిషములు నడచి దింపవలెను. మందను తోలుటకు, కోతలైన వరిపొలములలో బాతులను మేపుచు నెల్లూరు, కృష్ణా మండలములందు ఊరూర తిరుగు బాతుల కాపరులను చూచి నేర్చుకొనవలెను. వారి చేతి పొడవైన వెదురుకఱ్ఱ పక్షిని తాకదు. చాచిన చేయి మరికొంత పొడవైనట్లుండి, వందల బాతులను అటునిటు మళ్లించును. పిల్లలను మాత్రము, పోతు ఎంత సాధువైనను, పెద్దల తోడు లేనిదే పెరటిలోనికి విడువరాదు.

పౌరుషమే వలయునని పెద్దబాతును పెంచువారును కలరు. క్రీస్తునకు పూర్వము 390లో గాలు దండు రాత్రివేళ రోమునగరపు కొండకోట నెక్కుచుండగా కుక్కలు మొరుగకున్నను పెద్దబాతులు అరచి కాపాడినవని లివీ అను చరిత్రకారుడు వ్రాసెను. స్కాట్లండులోని డంబార్టనునందు ఒక మద్యపు కొట్టముల కావలికి 1959 నుండి చైనా పెద్దబాతులను పెట్టిరి. కేక వేయుట వరకు ఇది నిజమే. పాములను చంపుననుట, కుక్కలగుంపును తరుముననుట నమ్మదగినవి కావు. వీధికుక్కలు మూడు లోపల దూకినచో మొదట చచ్చునది ఎదురు నిలిచిన పోతే. కొత్తగూడ వృక్షోద్యానమునకు దాపుననున్న ఇండ్లవారు సుమారు 270 ఎకరముల ఆ అడవి నుండి ముంగిసలు రావచ్చునని తలచి, పెద్దబాతు కేకను గాక గట్టి జాలీని నమ్ముకొనుట వివేకము. ఆ కేక తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రక్క అపార్టుమెంటులో రాత్రికొలువు ముగించి అప్పుడే పండుకొన్నవానికి ఎట్లు వినబడునో కూడ ఆలోచింపవలసినదే.

రోగముల మాట సంగ్రహముగా చెప్పెదను. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగునందు ఒక పెద్దబాతు నుండి వేరుపరచిన వైరసు వంశమే ఆ తరువాత లోకమంతట వ్యాపించిన హెచ్5ఎన్1 పక్షిజ్వరము. మనదేశమున అది 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరున మొదట బయటపడినది. నీటిపక్షులు పైకి ఆరోగ్యముగానుండియు దీనిని మోయగలవు, కోళ్లు మూకుమ్మడిగా చచ్చును. కొక్కెర తెగులునకు కోళ్లకు సకాలమున టీకా వేయించుట, కొత్తగా తెచ్చిన పక్షులను కొన్ని వారములు దూరముగా ఉంచుట కలగలుపు మందకు తప్పనిసరి నియమములు. రాత్రి వేరు గూళ్లని పైన చెప్పినది తగవు నివారణకే కాక ఇందులకును అక్కరకు వచ్చును.

ఇన్నియు చేసినను లొంగని పోతు ఉండవచ్చును. బల్లలున్నను, మరుగులున్నను, గూడు వెనుకకొనకు మారినను అది నిత్యము కోళ్లను వెదకి వెదకి పట్టుచున్నచో ఆ పెరడు దానికి చాలదని ఒప్పుకొని, శంకరపల్లి, చేవెళ్ల వైపున నీటికుంటయు గడ్డియుగల తోట కలవారికి ఇచ్చివేయుట ఉచితము. అప్పుడు పోతును ఒంటరిగా పంపరాదు. పైన చెప్పిన బంధము ఉభయులది గనుక మిగిలిన పెట్ట మేత మాని దినముల తరబడి పిలుచుచు తిరుగును. జతగానే ఇచ్చి, పుచ్చుకొనువారితో, కొత్తచోట కొన్నిదినములు మూసియుంచి పిమ్మట విడువుడని చెప్పవలెను. ఇక ఇక్కడ మిగిలిన మందలో మొదటి వారము కొంత కలకలము కలుగును. అంతవరకు పోతు నీడన అణగియున్న అసీల్ పుంజు పెరడంతయు తనదైనదని గ్రహించి, పెట్టల వరుసను తిరుగదోడి, గేటు కడకు వచ్చి నిలుచును. సరుకులు తెచ్చు కుర్రవాడు ఈమారు మడమలు చూచుకొనవలసియుండును.